షేల్ చమురు వేట: పేట నీళ్లకు లెక్క ఎవరు రాస్తారు?

2025 మార్చి 12న లోక్‌సభ ఒక చిన్న సవరణ బిల్లును ఆమోదించింది. రాజ్యసభ దాన్ని 2024 డిసెంబరు 3నే ఆమోదించింది. దాని పేరు చమురు క్షేత్రాల (నియంత్రణ, అభివృద్ధి) సవరణ బిల్లు. 1948 నాటి పాత చట్టం ముడి చమురు, సహజవాయువుల కాలంలో రాసింది. కొత్త సవరణ 'ఖనిజ నూనెలు' అన్న మాటకు అర్థాన్ని విస్తరించి షేల్ చమురు, షేల్ గ్యాస్, బొగ్గుపొరల మీథేన్‌లను కూడా అందులో చేర్చింది. పాత చట్టంలో నిబంధనలు ఉల్లంఘించిన వారికి ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉండేవి. ఇప్పుడు జైలు పోయింది. జరిమానా 25 లక్షల రూపాయల దాకా పెరిగింది.

వెయ్యి రూపాయల జరిమానా ఎవరినీ భయపెట్టదు కాబట్టి అది పెరగడం మంచిదే. కానీ షేల్ చమురు కోసం బావి తవ్వితే, ఆ బావికీ పైన బతికే మనుషులకూ మధ్య మరొకటి ఉంటుంది. అది భూగర్భజలం. చమురు ఎవరిది, లీజు ఎన్నేళ్లు, వివాదం వస్తే ఎక్కడ తేల్చుకోవాలి అన్నవాటికి ఢిల్లీ దగ్గర సమాధానాలున్నాయి. ఆ మధ్యలోని నీళ్లు ఎవరివి, అవి చెడితే ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి అన్నదానికి మాత్రం మన చట్టాల్లో తిన్నని సమాధానం లేదు. ఈ ఖాళీలో మొదట నష్టపోయేది సెంటు భూమి లేకుండా చేతిపంపు నీళ్లు తాగే దళిత, ఆదివాసీ కుటుంబాలే అన్నది ఈ వ్యాసం వాదన.

రాతిని పగలగొట్టే పని

మామూలు చమురు బావికీ షేల్ బావికీ తేడా ముందు తెలుసుకోవాలి. మామూలు క్షేత్రాల్లో చమురు, గ్యాస్ సన్నని రంధ్రాలున్న ఇసుకరాయిలోకి చేరి నిలవ ఉంటాయి. బావి దించితే ఒత్తిడికి వాటంతట అవే పైకి వస్తాయి. షేల్ అలాంటిది కాదు. కోట్ల ఏళ్ల కిందట బురద గట్టిపడి పొరలు పొరలుగా ఏర్పడిన రాయి అది. చమురు ఆ రాతిలోనే చిక్కుకుని ఉంటుంది. కాబట్టి బావిని రెండు మూడు కిలోమీటర్లు నిలువుగా దించి, అక్కడి నుంచి అడ్డంగా మళ్లించి, నీళ్లు, ఇసుక, రసాయనాలు కలిపి విపరీతమైన ఒత్తిడితో పంపి రాతిని పగలగొట్టాలి. ఆ పగుళ్లు మళ్లీ మూసుకుపోకుండా ఇసుక రేణువులు అడ్డం నిలుస్తాయి. దీన్నే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్, వాడుకలో ఫ్రాకింగ్ అంటున్నారు.

దీనికి పట్టే నీళ్లు చిన్న లెక్క కాదు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ శాస్త్రవేత్తల లెక్క ప్రకారం 2014 నాటికి అక్కడ ఒక్కో అడ్డబావిలో ఫ్రాకింగ్‌కు చమురు కోసమైతే సుమారు 1.5 కోట్ల లీటర్లు, గ్యాస్ కోసమైతే సుమారు 1.9 కోట్ల లీటర్లు వాడారు. మన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అంటోంది. ఆ లెక్కన ఒక్క చమురు బావికి పోసిన నీళ్లు 3,000 మంది జనాభా ఉన్న ఊరికి మూడు నెలలు సరిపోతాయి. పైగా షేల్ బావిలో మొదటి రెండు మూడేళ్లలోనే ఉత్పత్తి బాగా పడిపోతుంది. ఉత్పత్తి నిలబడాలంటే కొత్త బావులు తవ్వుతూనే ఉండాలి.

లోపలికి పంపిన నీళ్లలో కొంత భాగం తిరిగి పైకి వస్తుంది. అప్పటికి దానిలో మనం కలిపిన రసాయనాలతో పాటు ఆ లోతు రాళ్లలోని ఉప్పు, బేరియం, కొన్నిచోట్ల రేడియోధార్మిక మూలకాలు కూడా కలిసి ఉంటాయి. ఈ వ్యర్థజలాన్ని ఎక్కడో ఒకచోట వదలాలి. అమెరికాలో చాలా చోట్ల దాన్ని మళ్లీ లోతైన బావుల్లోకి ఎక్కించారు. ఓక్లహామాలో ఇలా ఎక్కించడం వల్ల భూకంపాలు పెరిగాయి. 2016 సెప్టెంబరు 3న పానీ పట్టణం దగ్గర 5.8 తీవ్రతతో భూమి కంపించింది.

మూడు కిలోమీటర్ల లోతు వాదన

చమురు కంపెనీల ఇంజనీర్లు ఒక మాట తరచుగా చెబుతారు. షేల్ పొర కిలోమీటర్ల లోతులో ఉంటుంది, తాగునీళ్లు వంద, రెండు వందల అడుగుల్లోనే ఉంటాయి, మధ్యలో అంత రాయి ఉండగా పగుళ్లు పైదాకా ఎలా వస్తాయని అడుగుతారు. ఈ వాదనను కొట్టిపారేయనక్కరలేదు. లోతు ఎక్కువగా ఉన్నచోట పగుళ్లు నేరుగా తాగునీటి పొరను చేరడం అరుదే. కానీ నీళ్లు చెడిపోవడానికి అదొక్కటే దారి కాదు.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏళ్ల తరబడి పరిశీలించి 2016 డిసెంబరులో ఇచ్చిన తుది నివేదిక ఆ దారులను వరసగా చెప్పింది. నీళ్లు తక్కువున్న కాలంలో ఫ్రాకింగ్‌కు తోడేయడం, రసాయనాలు నేల మీద ఒలికిపోవడం, బావి గోడ బలంగా లేకపోవడం, సరిగా శుద్ధి చేయని వ్యర్థజలాన్ని వాగుల్లో వదలడం, కింద పరుపు లేని గుంటల్లో నిలవ చేయడం అందులో ముఖ్యమైనవి. బావికీ చుట్టూ ఉన్న నేలకూ మధ్య ఉక్కు గొట్టం, దాని వెలుపల సిమెంటు పూత ఉంటాయి. తాగునీటి పొరను కాపాడేది ఆ గొట్టం, ఆ పూతే. సిమెంటు పనిలో లోపం ఉన్నా, కాలం గడిచి బీటలు వారినా, మీథేన్ ఆ సందుల్లోంచి పైకి పాకుతుంది. అంటే ప్రమాదం ఎక్కువగా పని నాణ్యతలో, వ్యర్థాల నిర్వహణలో, నిఘాలో ఉంది. మన దేశంలో ఈ మూడూ ఎవరి వాడకు ఎలా అందుతాయో మనకు తెలియనిది కాదు.

అదే నివేదిక ఇంకో మాట కూడా ఒప్పుకుంది. దేశం మొత్తం మీద ఇలాంటి కాలుష్యం ఎంత తరచుగా జరుగుతోందో అంచనా వేయడానికి సరిపడా సమాచారం లేదని చెప్పింది. తవ్వకానికి ముందు ఆ నీళ్లు ఎలా ఉండేవో చాలా చోట్ల ఎవరూ పరీక్షించి పెట్టలేదు.

పెన్సిల్వేనియా అనుభవం దీన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన అధ్యయనంలో 60 తాగునీటి బావులను మీథేన్ కోసం పరీక్షిస్తే 51 బావుల్లో అది కనిపించింది. గ్యాస్ బావులకు కిలోమీటరు లోపు ఉన్న ఇళ్ల నీళ్లలో అది సగటున 17 రెట్లు ఎక్కువగా ఉంది. వెంటనే వచ్చిన జవాబు ఏమిటంటే, ఆ ప్రాంతపు నీళ్లలో మీథేన్ సహజంగానే ఉంది, మేం రాకముందు కూడా ఉండేదని. ఆ వాయువు లోతు రాళ్లలోదా, పైపొరల్లోదా అని శాస్త్రవేత్తలు ఐసోటోపుల ద్వారా తేల్చే ప్రయత్నం చేయాల్సివచ్చింది. అదే రాష్ట్రంలోని డిమాక్ అనే ఊళ్లో 2009 జనవరి 1న ఒక ఇంటి తాగునీటి బావి పేలింది. అక్కడి జనం నీళ్ల కోసం పోరాడుతూనే ఉన్నారు. 2022 నవంబరులో గాని కంపెనీ నేరారోపణను ఎదిరించబోనని కోర్టుకు చెప్పి, కొత్త మంచినీటి లైనుకు 1.6 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. సొంత ఇల్లు, సొంత బావి, లాయరు, టీవీ కెమెరా ఉన్న అమెరికా పౌరులకే పదమూడేళ్లు పట్టింది.

అన్వేషణ పేరుతో దాటిపోయే గేటు

మన దేశంలో షేల్ నుంచి వాణిజ్య స్థాయి ఉత్పత్తి ఇంకా మొదలుకాలేదు. అలాంటప్పుడు ఇప్పుడే ఆందోళన ఎందుకని అడిగేవారు ఉంటారు. ఉత్పత్తి మొదలుకాకముందే నియమాలు రాస్తారు, వాటిని ఇప్పుడే రాస్తున్నారు కాబట్టి.

క్రమం చూడండి. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో దుర్గాపూర్ దగ్గర ఇచ్ఛాపూర్‌లో ఓఎన్‌జీసీ తవ్విన ప్రయోగాత్మక బావిలో సుమారు 1,700 మీటర్ల లోతున షేల్ నుంచి గ్యాస్ వచ్చింది. 2013 అక్టోబరులో కేంద్రం ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియాలకు వాటి చేతిలో ఉన్న బ్లాకుల్లో షేల్ అన్వేషణకు అనుమతించింది. 2018 ఆగస్టులో ఆ దారిని ప్రైవేటు కాంట్రాక్టర్లకు కూడా తెరిచింది. 2020 జనవరి 16న పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక నోటిఫికేషన్‌తో చమురు, గ్యాస్ అన్వేషణ ప్రాజెక్టులన్నిటినీ 'ఏ' కేటగిరీ నుంచి 'బీ2'కు మార్చింది. బీ2 అంటే సవివరమైన పర్యావరణ ప్రభావ అధ్యయనం అక్కరలేదు, ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదు. ఉత్పత్తి దశకు మాత్రం అవి కావాలి.

అన్వేషణ అంటే వెతకడమే కదా, దానికి అన్ని అడ్డంకులు ఎందుకని ప్రభుత్వ వాదన. మామూలు చమురు విషయంలో ఈ వాదనకు కొంత అర్థం ఉండవచ్చు. షేల్ విషయంలో అది నిలవదు. షేల్ రాతిలో చమురు ఉందని తెలిసినా, పగలగొట్టి చూడనిదే అది ఎంత ప్రవహిస్తుందో తెలియదు. అంటే అన్వేషణ దశలోనే ఫ్రాకింగ్ జరుగుతుంది. ఆ రసాయనాలే, ఆ వ్యర్థజలమే, ఆ సిమెంటు పూతే. దాన్ని వెతకడం అని పిలిచి ఊరి మనుషుల నోరు మూసేశారు. ప్రజాభిప్రాయ సేకరణలు ఎలా జరుగుతాయో మనం ఎరుగుదుం. అయినా దళితవాడ మనిషి మైకు పట్టుకుని ప్రశ్న అడిగితే, ఆ ప్రశ్న రికార్డులోకి ఎక్కే చట్టబద్ధ వేదిక అదొక్కటే. దాన్ని తీసేయడం చిన్న విషయం కాదు.

భూమి లేనివాడికి నీళ్లు లేవన్న చట్టం

ఇప్పుడు నీళ్ల చట్టానికి వద్దాం. నేల కింద చమురు దొరికితే దాని మీద హక్కు రాజ్యానిది. పట్టాదారుకు కూడా దాని మీద హక్కు లేదు. నేల కింద నీళ్ల సంగతి వేరు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఆధారంగా కోర్టులు ఇప్పటికీ భూగర్భజలాన్ని భూమి యజమాని హక్కుగానే చూస్తున్నాయి. తన హద్దుల్లో తోడుకునే హక్కు పట్టాదారుది. కేంద్రం ఒకటికి నాలుగు మార్లు నమూనా బిల్లులు తయారుచేసి రాష్ట్రాలకు పంపినా ఆ పునాది కదలలేదు.

ఈ చట్టానికి కులం లేదని న్యాయశాస్త్ర తరగతుల్లో చెబుతారు. లెక్కలు చూడండి. 2011 జనగణనలో షెడ్యూల్డు కులాలు దేశ జనాభాలో 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో వారి సాగులో ఉన్న భూమి సుమారు 9 శాతం. ఇంటి ఆవరణలోనే నీటి వసతి ఉన్న కుటుంబాలు దేశం మొత్తం మీద సుమారు 47 శాతమైతే, షెడ్యూల్డు కులాల్లో సుమారు 35 శాతం. నీళ్ల హక్కును భూమికి కట్టేసిన చట్టం, భూమి లేకుండా చేయబడిన కులాల నుంచి నీళ్లను కూడా లాక్కుంది. ఇక్కడ షేల్ బావి తవ్వితే నేల కోల్పోయిన పట్టాదారుకు పరిహారం ఉంటుంది. నీళ్లు కోల్పోయిన కూలీకి ఏ హక్కు కింద ఏం అడగాలో కూడా తెలియదు.

కేరళలోని ప్లాచిమడ ఈ కథ ముందే చెప్పింది. 2002లో మొదలైన ఆ పోరాటాన్ని శీతల పానీయాల కర్మాగారం పక్కన బతికే ఆదివాసీ, దళిత స్త్రీలు నడిపారు. ఎరవాళ తెగకు చెందిన మయిలమ్మ దానికి ముఖమైంది. 2003 డిసెంబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం భూగర్భజలం ప్రజల ఉమ్మడి ఆస్తి, రాజ్యం దానికి ధర్మకర్త మాత్రమే అంది. 2005 ఏప్రిల్‌లో డివిజన్ బెంచి ఆ మాటను తిరగదోడి, భూమి యజమానికి తన నేల కింద నీళ్లు తోడుకునే హక్కుందని చెప్పింది. కర్మాగారం మూతపడింది కానీ ఆ చట్ట సూత్రం అలాగే ఉంది. రేపు షేల్ బావికి నీళ్లు కావాలంటే పక్క పట్టాదారు తన బోరు నీళ్లు అమ్ముకోవచ్చు. అడ్డుపడటానికి పేటకు ఏ పట్టా లేదు.

అంబేడ్కర్ పేరున్న జిల్లాలో

తెలుగు పాఠకులకు ఇది దూరపు విషయం కాదు. దేశంలో షేల్ నిల్వలున్నాయని చెబుతున్న నాలుగు ప్రధాన బేసిన్‌లు కాంబే, కావేరి, దామోదర్, కృష్ణా-గోదావరి. భూగర్భ శాస్త్ర పత్రాల్లో 'రాఘవాపురం షేల్', 'కొమ్ముగూడెం ఫార్మేషన్' అని కనిపించే పేర్లు మన గోదావరి వైపు ఊళ్ల పేర్లే.

నేను పుట్టింది ఈ డెల్టాలోనే, ఒక పేటలో. గ్యాస్ మంటల వెలుగులో పెరిగిన తరం మాది. 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి బద్దలై 65 రోజులు మండిన సంగతి మా ఇళ్లలో కథగా చెప్పేవారు. 2014 జూన్ 27న నగరంలో పైపులైను పేలి 20 మందికి పైగా కాలిపోయినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. అవి రెండూ షేల్ ప్రమాదాలు కావు, మామూలు గ్యాస్‌వే. కానీ బావి ఎవరి ఇంటి పక్కన ఉంటుందో, దాని ఆదాయం ఎటు పోతుందో అప్పుడే చూశాం.

డెల్టా నీళ్ల స్వభావం కూడా చెప్పాలి. సముద్రానికి దగ్గరున్న మండలాల్లో తియ్యనీళ్లు పైన పలుచని పొరగా ఉంటాయి. కింద ఉప్పునీళ్లు. పైపొరను ఎక్కువ తోడితే కిందిది పైకి వస్తుంది. అందుకే మా వైపు కాలువ నీళ్లతో మంచినీళ్ల చెరువు నింపుకుని, కాలువలు కట్టేసిన ఎండాకాలమంతా దాని మీద బతుకుతారు. చెరువు నీళ్లు చాలని చోట పేటకు బోరింగే దిక్కు.

రెండేళ్ల కిందట పరిశోధన పని మీద ఊరెళ్లినప్పుడు మా పేటలో ఒక పెద్దమ్మ బిందె చూపించి అడిగింది. "ఒరే అబ్బాయ్, మొన్నటిదాకా ఈ నీళ్లు బానే ఉండేయిరా. ఇప్పుడు అన్నం వండితే పచ్చగా తిరుగుతుంది. నువ్వు నీళ్ల చదువే చదువుతున్నావంట కదా, ఎవరికి చెప్పాలిరా?" అంది. ఇనుము పెరిగి ఉండవచ్చు, ఉప్పు పెరిగి ఉండవచ్చు, పాత పంపు గొట్టం తుప్పు పట్టి ఉండవచ్చు. దాన్ని ఏ గ్యాస్ బావికో అంటగట్టే హక్కు నాకు లేదు. ఆ బోరింగు నీళ్ల పాత పరీక్ష రికార్డు కోసం సంబంధిత కార్యాలయానికి వెళ్లాను. ఊరి ట్యాంకు నీళ్ల పరీక్ష కాగితాలు రెండు చూపించారు. పేట బోరింగుది ఒక్కటీ లేదు. "అది ఎప్పుడూ తీయలేదండి" అన్నారు, అదేదో వింతైన కోరికలాగా. పెద్దమ్మ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

నా పరిశోధనలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఇదే. పెన్సిల్వేనియాలో శాస్త్రవేత్తలు, కంపెనీలు, కోర్టులు పదేళ్లు కొట్టుకున్నది ముందటి లెక్క లేకపోవడం మీద. మన పేటల్లో ముందటి లెక్కే కాదు, ఏ లెక్కా లేదు. రేపు పక్క పొలంలో రిగ్గు దిగి, నీళ్లు చెడి, పేట మనుషులు ఫిర్యాదు చేస్తే అడిగే మొదటి ప్రశ్న "ముందు బాగున్నాయని రుజువేది?" అని. రాసిపెట్టని నీళ్లు చట్టం ముందు ఎప్పుడూ చెడిపోవు.

ఒక చిన్న పోలిక. డెల్టాలో సన్నకారు రైతు బోరు వేసుకోవాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు వేయకూడదు. నీటి వనరును కాపాడాలన్న ఆలోచన మన చట్టానికి తెలియనిది కాదన్నమాట. రైతు బోరుకు అంత జాగ్రత్త పట్టించే రాజ్యం, కిలోమీటర్ల లోతుకు రసాయనాలు పంపే బావి దగ్గర 'అన్వేషణ' అన్న ఒక్క మాటతో చేతులు దులుపుకోవడం ఏ నీతి?

మా జిల్లాకు ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ అని పేరు. ఆ పేరు పెట్టొద్దని 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. పేరు నిలబడింది. ఆ పేరున్న జిల్లాలో పేట బోరింగు నీళ్లకు ఒక కాగితం ఉండాలని అడగడం ఆ పేరును నిజం చేసుకునే పనుల్లో ఒకటి.

దేశానికి చమురు వద్దా?

మనకు కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నాం. గ్యాస్ సిలిండరు ధర పెరిగితే ముందు కట్టెల పొయ్యికి మళ్లేది మన తల్లులే. ఆ సంగతి మరిచిపోయి మాట్లాడటం తేలిక. కాబట్టి షేల్ నుంచి ఎంత వస్తుందన్న ప్రశ్నను సీరియస్‌గానే తీసుకోవాలి.

అమెరికా ఇంధన సమాచార సంస్థ 2013లో భారతదేశంలో తీయగల షేల్ గ్యాస్ 96 లక్షల కోట్ల ఘనపుటడుగులని అంచనా వేసింది. అంతకు ఏడాది ముందే అమెరికా భూగర్భ సర్వే సంస్థ మూడు బేసిన్‌లకు ఇచ్చిన అంచనా 6.1 లక్షల కోట్ల ఘనపుటడుగులు మాత్రమే. లెక్క కట్టిన పద్ధతులు, ప్రాంతాలు ఒకటి కావు, అయినా అంత దూరం ఉన్న రెండు అంకెల్లో పెద్దదాన్నే మన నాయకులు పదే పదే చెబుతారు. షేల్ చమురు విషయానికొస్తే, ఆ పెద్ద అంచనా ప్రకారం కూడా తీయగలిగింది 380 కోట్ల పీపాలు. రోజుకు సుమారు 50 లక్షల పీపాలు వాడే దేశానికి అది రెండేళ్ల వాడకం. మన గ్రామీణ తాగునీటిలో 85 శాతం దాకా భూగర్భజలమే. రెండేళ్ల చమురు కోసం దాన్ని పణంగా పెట్టాలా అన్నది లెక్కల ప్రశ్న కూడా.

మరి వేరే దారి ఉందా? ఫ్రాన్స్ 2011లోనే ఫ్రాకింగ్‌ను నిషేధించింది. మన దగ్గర తమిళనాడు 2020 ఫిబ్రవరిలో, కేంద్రం అన్వేషణకు మినహాయింపు ఇచ్చిన నెల రోజులకే, కావేరి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా చట్టం చేసి కొత్త చమురు, గ్యాస్, షేల్ ప్రాజెక్టులను ఆపింది. నెడువాసల్, కదిరామంగళం ప్రజల పోరాటాల ఫలితం అది. ఆహ్వానించదగ్గ చట్టం. అయితే అది కాపాడుతున్నది వ్యవసాయాన్ని, అంటే ముందుగా పొలాన్ని, పట్టాను. 1968 డిసెంబరు 25న కీళ్‌వెణ్మణిలో 44 మంది దళితులను గుడిసెలో పెట్టి కాల్చిన డెల్టా కూడా అదే. కూలి అడిగినందుకు కాల్చిన నేల మీద, ఆ కూలీల తాగునీటిని పేరుపెట్టి కాపాడే నిబంధన కూడా ఉండాలని అడగడం అత్యాశ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి చట్టం కోసం అడిగేటప్పుడు మనం రైతు సంఘాల వెనక నడిస్తే చాలదు. పేట నీళ్లను మొదటి వాక్యంలోనే రాయించాలి.

మహద్ కేసు ఇంకా నడుస్తోంది

1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగిన రోజును మనం ఏటా గుర్తు చేసుకుంటాం. ఆ తర్వాత నడిచిన కేసును అంతగా గుర్తు చేసుకోం. ఆధిపత్య కులాల వాళ్లు కోర్టుకెక్కి చేసిన వాదన ఏమిటి? ఆ చెరువు తమ సొంత ఆస్తి, ప్రజల చెరువు కాదని. బొంబాయి హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి అంటరానివారి పక్షాన తీర్పు ఇచ్చింది 1937 మార్చిలో. పదేళ్లు పట్టింది. నీళ్లు సొంత ఆస్తా, ప్రజలవా అన్నదే అప్పటి ప్రశ్న. ఈజ్‌మెంట్స్ చట్టం ముందు ఇప్పుడు మనం అడుగుతున్నదీ అదే.

ఇంకో సంగతి. దేశంలో తొలి షేల్ గ్యాస్ బావి తవ్విన దామోదర్ లోయ గురించి 1945 జనవరిలో కలకత్తా సమావేశంలో మాట్లాడింది వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్న అంబేడ్కరే. నది నీళ్లను వరదకు, సాగుకు, కరెంటుకు ఒకే ప్రణాళికలో ఆలోచించాలన్న దామోదర్ పథకం వెనక ఆయన కృషి ఉంది. ఆ ఆనకట్టల కింద తర్వాత ఆదివాసీ ఊళ్లు మునిగాయన్నది కూడా దాచకుండా చెప్పుకోవాలి. అంబేడ్కర్‌వాదులు పరిశ్రమకో సాంకేతికతకో శత్రువులు కారు. నీళ్లను ప్రజల ఆస్తిగా ముందు లెక్క రాసి, ఆ తర్వాతే దాని మీద ఏ పథకమైనా నిలబెట్టాలన్నది మన షరతు.

ఆ షరతును డిమాండ్లుగా చెప్పుకుందాం. రాతిని పగలగొట్టే ఏ బావి అయినా, అన్వేషణ దశలో ఉన్నా సరే, పూర్తి పర్యావరణ అధ్యయనం, ప్రజాభిప్రాయ సేకరణ కిందికి రావాలి. రిగ్గు దిగకముందే చుట్టుపక్కల ప్రతి తాగునీటి వనరునూ, ముందుగా దళితవాడల, ఆదివాసీ గూడేల వనరులను, కంపెనీతో సంబంధం లేని ప్రయోగశాలలో పరీక్షించాలి. ఉప్పుశాతంతో పాటు మీథేన్, బేరియం, స్ట్రాన్షియం కూడా చూడాలి. ఆ కాగితం తెలుగులో పంచాయతీ గోడ మీద ఉండాలి. వాడే రసాయనాల పేర్లు వాణిజ్య రహస్యమని దాచకూడదు. రుజువు భారం తవ్వినవాడి మీద ఉండాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. పెన్సిల్వేనియా 2012లో చేసిన చట్టం ప్రకారం షేల్ బావికి 2,500 అడుగుల లోపు, ఏడాదిలోగా నీళ్లు చెడితే తప్పు కంపెనీదేనని ముందుగా అనుకుంటారు. కాదని నిరూపించుకోవలసింది కంపెనీయే. మన సుప్రీంకోర్టు కూడా హైదరాబాద్ జంట జలాశయాల కేసులో ముందుజాగ్రత్త సూత్రాన్ని, రుజువు భారం పరిశ్రమ మీదే ఉంటుందన్న మాటను వివరంగా చెప్పింది. ఆ సూత్రాన్ని చమురు చట్టంలోకి తేవాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం ఆగనక్కరలేదు. ఈ పేజీ చదివేవాళ్లలో చాలామంది విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. రసాయన శాస్త్రం, భూగర్భ శాస్త్రం, న్యాయశాస్త్రం, సామాజిక శాస్త్రం చదువుతున్నవారు ఉన్నారు. మనలో చాలామందికి ఒక పేట ఉంది, ఆ పేటలో ఒక బోరింగు ఉంది. సెలవులకు వెళ్లినప్పుడు ఒక సీసా నీళ్లు తెచ్చి డిపార్ట్‌మెంట్ ల్యాబులో పరీక్షించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. తేదీ, చోటు, లోతు, ఫలితం రాసి పెట్టండి. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు, వానల తర్వాత. సమాచార హక్కు కింద అడగండి: మా వాడ నీటి పరీక్ష ఏది, మా మండలంలో ఏ బ్లాకు ఎవరికి ఇచ్చారు, అన్వేషణ అనుమతిలో ఫ్రాకింగ్ ఉందా లేదా. జవాబు రాకపోతే అది కూడా ఒక రికార్డే.

ఈసారి ఊరెళ్లినప్పుడు నేను మా పేట బోరింగు నీళ్లు రెండు సీసాలు పట్టి తెచ్చాను. ఒకటి పరీక్షకు ఇచ్చాను. రెండోది తేదీ వేసి దాచాను. పెద్దమ్మ "ఇదెందుకురా?" అని అడిగింది. రేపు ఎవరైనా ముందు ఎలా ఉండేవని అడిగితే చూపించడానికని చెప్పాను.